వేగం చలాన్ వేసేముందు బండి నడిపిందెవరో అడగాలి

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో కారు ఒకటే. ఆర్సీ తండ్రి పేరున ఉంటుంది. నడిపేది మాత్రం ఆయన, కొడుకు, కోడలు, పండక్కి వచ్చినప్పుడు అల్లుడు. ఒకరోజు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద, వేగం కొలిచే లేజర్ గన్‌కు ఆ బండి దొరుకుతుంది. కొన్నాళ్ళకు తండ్రి ఫోనుకు 1,035 రూపాయల చలాన్ వస్తుంది. అందులో వెయ్యి జరిమానా, 35 సర్వీసు చార్జీ. ఫోటోలో బండి వెనక భాగం, నంబరు ప్లేటు, వేగం అంకె ఉంటాయి. స్టీరింగు ఎవరి చేతిలో ఉందో కనపడదు. గొడవెందుకని తండ్రి ఎవరినీ అడక్కుండా కూర్చున్నచోటే కట్టేస్తాడు. వేగంగా నడిపిన మనిషికి చలాన్ వచ్చిన సంగతి కూడా తెలియదు, వచ్చే వారం అదే రోడ్డు మీద అదే వేగంతో వెళతాడు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి పైగా మరణాలు అతివేగం ఖాతాలోవే. కాబట్టి వేగానికి జరిమానా వద్దని అనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ జరిమానా వేగంగా నడిపిన మనిషికి తగలాలి, ఇప్పటి పద్ధతిలో తగలడం లేదు అని చెప్పడానికే రాస్తున్నాను. పోలీసులకు, బండి యజమానులకు ఇద్దరికీ పనికొచ్చే మార్గం చట్టంలోనే ఉంది. దాన్ని ఎవరూ వాడటం లేదు.

మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ వేగ పరిమితి దాటి బండి నడిపినవారిని శిక్షిస్తుంది. తన దగ్గర పనిచేసేవారి చేత, తన అదుపులో ఉన్నవారి చేత అలా నడిపించినవారిని కూడా శిక్షిస్తుంది. బండి ఎవరి పేరున ఉంటే వారే దోషి అని ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. యజమానినే దోషిగా చూడాలనుకున్నచోట చట్టం ఆ మాట విడిగా రాసుకుంది. మైనరుకు బండి ఇస్తే సంరక్షకుడు లేదా యజమాని దోషి అని 2019 సవరణలో వచ్చిన 199ఎ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. తనకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకునే బాధ్యత అక్కడ యజమానిదే. అదే సవరణలో మార్చిన 183లో యజమానే దోషి అన్న ఆ ఊహ పెట్టలేదు. అందుచేత వేగం కేసులో ఆర్సీ మీద పేరు విచారణకు మొదటి మెట్టు మాత్రమే, నేరానికి రుజువు కాదు.

ఆ మెట్టు నుంచి డ్రైవరు దాకా వెళ్ళే దారి 133వ సెక్షన్. అధికారం ఉన్న పోలీసు అధికారి అడిగితే, డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు యజమాని ఇవ్వాలి. తన దగ్గర ఉన్న సమాచారమే కాదు, తగినంత ప్రయత్నం చేస్తే తెలిసే సమాచారం కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే 187వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. తెలిసి తెలిసి అబద్ధం రాసిస్తే 179వ సెక్షన్ వేరే ఉంది. ఇంత పదునైన సాధనం చేతిలో ఉండగా, మనకొచ్చే చలాన్ సందేశంలో డబ్బు కట్టే లింకు ఉంటుంది గానీ బండి ఎవరు నడిపారన్న ప్రశ్న ఉండదు. తెలంగాణలో 2022లోనూ, 2023 డిసెంబరులోనూ పెండింగ్ చలాన్లకు భారీ రాయితీలు ఇచ్చారు. దాంతో చలాన్ అంటే ఆరోపణ అన్న సంగతి మరుగునపడింది. జనం దాన్ని కరెంటు బిల్లులా చూడటం మొదలుపెట్టారు.

అది బిల్లు కాదు. కట్టడమంటే 200వ సెక్షన్ కింద నేరాన్ని రాజీ చేసుకోవడం, అంటే కోర్టు విచారణ లేకుండా డబ్బు కట్టి ముగించుకోవడం. రాజీ చేసుకున్నా, రెండోసారి అదే తప్పు జరిగిందా లేదా అని చూసేటప్పుడు దాన్ని మొదటి తప్పుగానే లెక్కేయాలని ఆ సెక్షన్‌కు 2019లో షరతు చేర్చారు. రెండోసారి వేగం కేసైతే లైసెన్సు స్వాధీనం చేసుకునే నియమం 183లోనే ఉంది. కొడుకు వేగానికి తండ్రి డబ్బులు కట్టాడంటే, వెయ్యి రూపాయలతో పాటు తన పేరు మీద ఒక పాత నేరాన్ని కూడా రాయించుకున్నట్టే. లైసెన్సే జీవనాధారమైన డ్రైవర్లు యజమాని ఒత్తిడితో తమవి కాని చలాన్లు కట్టేముందు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

చలాన్ వచ్చాక ముందు దాని మీది గడువు తేదీ చూడండి. ఈ గడువుల నిబంధనలు ఈమధ్య మారుతూ వచ్చాయి కాబట్టి పక్కింటాయనకు వచ్చిన పాత చలాన్‌ను కాక మీకు వచ్చిన కాగితాన్నే ప్రమాణంగా తీసుకోండి. ఆ తేదీ దాటనివ్వొద్దు. అభ్యంతరం చెప్పదలచుకున్నవారికి మౌనం ఎన్నడూ మేలు చేయదు.

తరువాత పోలీసుల ఈ-చలాన్ పోర్టల్‌లో ఫోటో తెరిచి పెద్దది చేసి చూడండి. 8ని బి గానూ, 0ని డి గానూ, ఎమ్‌ని ఎన్ గానూ చదివిన చలాన్లు అరుదేమీ కాదు. బండి మోడలు, రంగు మీదేనా? ఫ్రేములో రెండు బండ్లుంటే గురి గుర్తు దేనిమీద ఉంది? లేజర్ కిరణం దూరం పోయేకొద్దీ వెడల్పవుతుంది. సాధారణంగా వాడే గన్‌లలో 300 మీటర్ల దూరానికి అది దాదాపు మీటరు వెడల్పు ఉంటుంది. పక్కపక్కన వెళ్ళే రెండు బండ్ల మధ్య అంత సందు లేకపోతే వేగం ఎవరిదన్నది ప్రశ్నే. ఫోటో మీద దూరం కూడా ముద్రించి ఉంటుంది, దాన్ని రాసిపెట్టుకోండి. అక్కడి వేగ పరిమితి ఎంతో కూడా చూడాలి. ఔటర్ మీద గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు గానీ అది అన్ని వరుసలకూ వర్తించదు, కాబట్టి బండి ఏ వరుసలో ఉందో ఫోటోలో తెలియాలి.

యంత్రం ఇచ్చిన చలాన్‌కు ఏమేం జతచేయాలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి 167ఎ నిబంధనలో ఉంది. దీన్ని 2021 ఆగస్టు 11న నోటిఫై చేశారు. తప్పును, నంబరు ప్లేటును స్పష్టంగా చూపే ఫోటో, యంత్రం కొలిచిన అంకె, తేదీ, సమయం, స్థలం, ఏ సెక్షన్ ఉల్లంఘించారో చెప్పే నోటీసు ఉండాలి. వీటితో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య చట్టం 65బి(4) కింద ధ్రువపత్రం కూడా కావాలి. 2024 జులై 1 నుంచి దీని స్థానంలోకి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. యంత్రానికి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. ఆ రోడ్డు మీద నిఘా ఉందని హెచ్చరిక బోర్డు కనపడాలి. వీటిలో ఏది లేకపోయినా మీ అభ్యంతర పత్రంలో దాని పేరు పెట్టి రాయండి. యంత్రం ఆమోద పత్రం, అసలు సైజు ఫోటో కావాలంటే సమాచార హక్కు చట్టం కింద కమిషనరేట్‌కు పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టవచ్చు. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి దాని కోసం ఆగి చలాన్ గడువు పోగొట్టుకోకండి. రెండు పనులూ ఒకే రోజు చేయండి.

నోటీసు ఎప్పుడు పంపారన్నది మరో ముఖ్య విషయం. చాలామంది వకీళ్ళ కళ్ళు కూడా 209వ సెక్షన్ మీద పడవు. 183 కింద ఒకరికి శిక్ష పడాలంటే మూడింటిలో ఒకటి జరిగి ఉండాలని అది చెబుతుంది. తప్పు జరిగినప్పుడే కేసు పెట్టవచ్చని హెచ్చరించి ఉండాలి. లేదా 14 రోజుల్లోగా తప్పు స్వభావం, సమయం, స్థలం రాసిన నోటీసు ఆ వ్యక్తికో, రిజిస్టర్డ్ యజమానికో అందజేసి లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఉండాలి. లేదా 28 రోజుల్లోగా సమన్లు అంది ఉండాలి. 167ఎ నిబంధన మాత్రం నోటీసుకు 15 రోజులు ఇచ్చింది. నిబంధన చట్టాన్ని మించడానికి వీల్లేదు కనుక 15వ రోజు పంపిన నోటీసు మీద వాదించడానికి చోటుంది. అయితే ఇది కోర్టులో శిక్ష పడకుండా అడ్డుకునే సెక్షన్. పోలీసు కౌంటరు దగ్గర చెబితే చలాన్ రద్దయిపోదు. పైగా మీరు ఆర్సీలో పాత చిరునామా ఉంచుకుని నోటీసు అందలేదంటే, ఆ వైఫల్యానికి కారణం మీరేనని కోర్టు అనవచ్చు, అందుకు మినహాయింపు ఆ సెక్షన్‌లోనే ఉంది. ఇల్లు మారినా, ఫోను నంబరు మారినా ఆర్సీలో మార్పించుకోవడం అందుకే అవసరం.

ఇక అసలు చిక్కు. బండి మీదే, ఫోటో సరైనదే, వేగం నిజమే. కానీ నడిపిందెవరో తేలడం లేదు. ఇలాంటప్పుడు జనం సాధారణంగా చేసే తప్పులు రెండు. "నేను కాదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం ఒకటి. అది తప్పించుకునే మాటలా ఉంటుంది, 133 కింద ప్రశ్న వచ్చినప్పుడు నిలబడదు. ఇంట్లో ఎవరి లైసెన్సు పోయినా నష్టం లేదో చూసుకుని వారి పేరు రాసివ్వడం రెండోది. లైసెన్సు ఉండి ఎన్నడూ స్టీరింగు పట్టని అమ్మ పేరో, విదేశంలో ఉన్న బావ పేరో రాసేవారున్నారు. జరిమానాతో పోయేదాన్ని అబద్ధపు సమాచారం కేసుగా మార్చుకోవడమే అది.

చేయవలసింది వెతకడం. వెతికినట్టు కాగితం మీద చూపడం. ఔటర్ మీద ఎక్కిన చోటు, దిగిన చోటు, సమయాలు ఫాస్టాగ్ ఖాతాలో ఉంటాయి. ఆ స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకుంటే ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది, సగం చిక్కు అక్కడే విడిపోతుంది. తాళం తీసుకోగలిగిన ప్రతి ఒక్కరినీ అడగండి. పెట్రోలు బంకులో ఫోనుతో డబ్బు కట్టిన సమయం, ఆఫీసు హాజరు, ఫోనులో దాచుకున్న ప్రయాణ చరిత్ర చూడండి. ఇవి త్వరగా చెరిగిపోతాయి, కొన్ని సీసీ కెమెరాల రికార్డు వారం పది రోజులకే పోతుంది. అందుకే చలాన్ వచ్చిన రోజే మొదలుపెట్టాలి. ఇంత చేసినా తేలకపోతే అభ్యంతర పత్రం ఇలా రాయవచ్చు:

"ఫలానా తేదీన, ఫలానా సమయానికి ఈ వాహనాన్ని నేను నడపలేదు. ఆ రోజు తాళం తీసుకునే వీలున్నవారు ఇద్దరు, వారి పేర్లు, లైసెన్సు నంబర్లు కింద ఇస్తున్నాను. ఇద్దరినీ అడిగాను. ఆ వారంలో ఇద్దరూ ఆ దారిన వెళ్ళారు, ఆ గంటకు నడిపింది తామేనని గానీ కాదని గానీ గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఫాస్టాగ్ వివరాలు జతచేశాను. డ్రైవరు కనిపించేలా ముందువైపు తీసిన ఫోటో ఉంటే చూపండి, గుర్తుపట్టి రాసిస్తాను. డ్రైవరు ఎవరో తేలకుండా నన్ను దోషిగా లెక్కించవద్దని కోరుతున్నాను."

దీన్ని పోర్టల్‌లోని ఫిర్యాదు విభాగంలో పెట్టి, తెరపై వచ్చిన నంబరును ఫోటో తీసుకోండి. అదే కాగితాన్ని ట్రాఫిక్ విభాగానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. వినకుండా కేసు ఆన్‌లైన్‌లో నడిచే వర్చువల్ కోర్టుకు పంపితే అక్కడ కట్టడానికి ఒక మీట, ఎదుర్కోవడానికి ఒక మీట ఉంటాయి. రెండోది నొక్కితే కేసు మామూలు కోర్టుకు వెళుతుంది, అక్కడ డ్రైవరు మీరేనని చూపవలసింది ప్రాసిక్యూషన్. వెయ్యి రూపాయల కోసం రెండుమూడు వాయిదాలు తిరగడం అందరికీ గిట్టుబాటు కాదు, ఆ మాట నిజమే. అప్పుడు కూడా ముందు ఇంట్లో నిజంగా నడిపిన మనిషిని తేల్చుకుని, ఆ మనిషి పేరిట ఒప్పుకోవడం మేలు.

మరొక హెచ్చరిక. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోరాదన్న నియమం ఉంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ అది. దాన్ని పట్టుకుని "ఆరు నెలలు ఆగితే చలాన్ చచ్చిపోతుంది" అని సలహా చెప్పేవారు ఎక్కువయ్యారు. వెంటనే వచ్చే 515వ సెక్షన్ వారు చదవరు. నేరం చేసిందెవరో తెలియనప్పుడు, ఆ మనిషి ఎవరో తెలిసిన రోజు నుంచి గడువు లెక్క మొదలవుతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు కూడా. డ్రైవరు ఎవరో తెలియదని వాదించేవారే ఆరు నెలల గడువును నమ్ముకోవడం తెలివైన పని కాదు.

బండి అమ్మేసి ఆర్సీ మార్పించనివారి సంగతి వేరు. బండి అమ్మినట్టు తెలిపే ఫారం 29 రవాణా శాఖకు ఇవ్వకుండా సంతకం పెట్టిన కాగితాలు కొన్నవారి చేతిలో పెట్టి వచ్చేస్తే, రికార్డుల్లో యజమాని ఇంకా మీరే. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టర్డ్ యజమానే చట్టం దృష్టిలో యజమాని అని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీం కోర్టు అన్నది. అది ప్రమాద పరిహారం కేసు. చలాన్ వెయ్యికి పోతుంది గానీ ప్రమాదం జరిగితే లక్షలు నెత్తిన పడతాయి. పాత బండ్ల డీలరుకు అప్పగిస్తే 2023 ఏప్రిల్ 1 నుంచి, అప్పగించినట్టు తెలిపే ఫారం 29సి ఉంది, అది పెట్టించకుండా తాళం ఇవ్వకండి.

ట్రావెల్స్ బండ్లలో ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మారుతుంటారు. చలాన్ వచ్చినప్పుడు ఆ నెల డ్యూటీలో ఉన్నవాడి జీతంలోంచి కోసేయడం మామూలైపోయింది. ఇది అన్యాయం. బండి చేతులు మారినప్పుడల్లా తేదీ, గంట, కిలోమీటరు రీడింగు, ఇద్దరి సంతకాలు ట్రిప్ షీట్‌లో ఉంటే అరనిమిషంలో తేలే విషయం. జీపీఎస్ ఉన్న బండ్లలో వేగం, సమయం దొరుకుతాయి కానీ మనిషి దొరకడు, ట్రిప్ షీట్‌తో కలిపి చూస్తేనే దొరుకుతాడు. ఇన్ని గంటల్లో తిరుపతి చేర్చాలని తొందరపెట్టిన యజమాని తనకు సంబంధం లేదనడం కూడా చెల్లదు, "నడిపించినవారు" అన్న మాట 183లో అలాంటివారి కోసమే ఉంది.

మన పిల్లలు చాలామంది ఉన్న బ్రిటన్‌లో ఇదే పని ఎలా జరుగుతుందో చూడండి. కెమెరాకు దొరికిన బండి యజమానికి 14 రోజుల్లో నోటీసు వస్తుంది. నడిపిందెవరో 28 రోజుల్లో రాసివ్వమని అందులోనే అడుగుతారు. రాసివ్వకపోతే లైసెన్సు మీద 6 పాయింట్లు (తప్పులకు వేసే మార్కులు), 1,000 పౌండ్ల దాకా జరిమానా. వేగానికి మామూలుగా పడేది 3 పాయింట్లు, 100 పౌండ్లే. అక్కడ లైసెన్సు తీసుకుని రెండేళ్ళు నిండనివారికి 6 పాయింట్లు వస్తే లైసెన్సే పోతుంది కాబట్టి, మన విద్యార్థులు ఆ కవరును పక్కన పడేయడం వేగంగా నడపడం కంటే ఎక్కువ ప్రమాదం. తగినంత ప్రయత్నించినా తెలియలేదని నిజంగా చూపగలిగినవారికి అక్కడి రోడ్డు ట్రాఫిక్ చట్టం 172వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అబద్ధం చెప్పినవారికి మాత్రం దయ ఉండదు. 2003 నాటి వేగం కేసులో పాయింట్లను భార్య పేరు మీదకు మళ్ళించిన మాజీ మంత్రి క్రిస్ హ్యూన్‌కు, ఆ తప్పు తన మీద వేసుకున్న విక్కీ ప్రైస్‌కు 2013లో చెరో 8 నెలల జైలు పడింది. యజమానిని ఇలా పేరు చెప్పమనడం అతని మౌన హక్కుకు భంగం కాదని యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో తీర్పు చెప్పింది. మన రాజ్యాంగం 20(3) అధికరణం ప్రకారం నిందితుణ్ణి తనమీద తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. అందుకే యజమానిని ముందే నిందితుడిగా చలాన్‌లోకి ఎక్కించి ఆ తరువాత ప్రశ్నించే పద్ధతి సరైనది కాదు. సమాచారం ఇవ్వవలసిన మనిషిగా ముందు అడగాలి, డ్రైవరెవరో తేలాక చలాన్ వేయాలి.

రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు, రవాణా శాఖలు చేయవలసింది పెద్ద పనేమీ కాదు. వేగం కేసులో మొదటి సందేశంతోనే 133 కింద ప్రశ్న పంపాలి. నడిపింది నేనే, ఫలానా వారు, తెలియడం లేదు, ఈ బండి నాది కాదు అని నాలుగు జవాబులకు పోర్టల్‌లో చోటివ్వాలి. ఫలానా వారు అన్నప్పుడు వారి లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ అడగాలి, ఆ వివరాలు సరిచూసే వ్యవస్థ రవాణా శాఖ దగ్గర ఇప్పటికే ఉంది. పేరు వచ్చిన మనిషికి కబురు పంపి, అతను ఒప్పుకున్నాక చలాన్ అతని లైసెన్సు మీదకు మార్చాలి. తెలియడం లేదు అన్నవారు ఏమేం వెతికారో రాయడానికి, కాగితాలు జతచేయడానికి వీలుండాలి. వీలైనచోట్ల గన్‌ను వచ్చే బండ్లకు ఎదురుగా పెట్టి ముందు అద్దం పడేలా ఫోటో తీయాలి. యంత్రం ఆమోద పత్రం నంబరు, గడువు తేదీ చలాన్ మీదే ముద్రించాలి. అప్పుడు కట్టవలసినవారు వాదించరు, కట్టనక్కరలేనివారు ఠాణా చుట్టూ తిరగరు.

భవదీయుడు,
మోటారు వాహనాల కేసులు చూసే ఒక న్యాయవాది,
హనుమకొండ